ఎంత బరువు అడగాలి?

మీ అబ్బాయో అమ్మాయో ఆటల శిక్షణలో చేరితే మీరు మొదట అడిగే ప్రశ్న ఏమిటి? "పతకం ఎప్పుడు తెస్తావు?" అనే కదూ! ఆ ప్రశ్నలో ప్రేమ ఉంది. కాని అదొక్కటే గురి అయితే పిల్లల మీద ఎంత భారం పడుతుందో ఆలోచించారా?

శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి సంగతి చూడండి. నీలంశెట్టి అప్పన్న గారి దగ్గర బరువులెత్తడం నేర్చుకుంది. 1993 ప్రపంచ పోటీల్లో కాంస్యం, 1994లోను, 1995లోను స్వర్ణం గెలుచుకుంది. చూశారా, మెట్టు తరువాత మెట్టు!

2000 సెప్టెంబరు 19న సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో బరిలోకి దిగింది. ఒలింపిక్స్‌లో స్త్రీలకు బరువులెత్తే పోటీలు పెట్టడం అదే మొదటిసారి. స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తింది. ఇక మిగిలింది ఒక్క ప్రయత్నం. స్వర్ణం మీద గురిపెట్టి 137.5 కిలోలు అడిగారు. ఒక్కసారే 7.5 కిలోల పెంపు! ఆ బరువు లేవలేదు. మొదటి రెండు స్థానాల వారి మొత్తం 242.5 కిలోలు. అంటే తేడా రెండున్నర కిలోలే.

తక్కువ అడిగి ఉంటే బాగుండేదని తరువాత కూర్చుని లెక్కలు చెప్పడం సులువు. ఆ క్షణంలో ధైర్యం చేసిన వారిని తప్పు పట్టడం మన పని కాదు. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ ఆమె. ఆ కాంస్యం చిన్నదేమీ కాదు. అయినా ఆ సంఘటన ఒక సంగతి నేర్పుతుంది: గురి పెద్దదైతే చాలదు, దానికీ నేటి బలానికీ మధ్య మెట్లుండాలి.

విజయనగరం జిల్లా కొండవెలగాడకు చెందిన మత్స సంతోషి ఉదంతం మరొకటి. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో ఆమెకు కాంస్యం వచ్చింది. మొదటి స్థానం పొందిన నైజీరియా అమ్మాయి నిషిద్ధ మందు వాడినట్టు తేలడంతో సంతోషి పతకం రజతంగా మారింది. ఆమె ఎత్తిన కిలోలు మాత్రం మారలేదు! పతకం రంగు ఇతరుల మీద కూడా ఆధారపడి ఉంటుంది. ఎత్తిన బరువు మాత్రం మన సాధన ఫలం.

అందుకే గురిని మూడు విధాలుగా పెట్టుకోవాలి. పతకం దూరపు గురి. ఈ ఏడు ఇన్ని కిలోలు, ఇన్ని సెకన్లు అనేది నడిమి గురి. ఈ వారం నడుము నిటారుగా ఉంచి ఎత్తడం, వేళకు నిద్రపోవడం దగ్గరి గురి. ఈ మూడవది ఏ రోజుకా రోజు పిల్లల చేతిలో ఉండేది. "నీ శక్తికొద్దీ చెయ్యి" అనడం కంటె, కొంచెం కష్టమైన, స్పష్టమైన లక్ష్యం ఇస్తే మనిషి ఎక్కువ సాధిస్తాడని అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్విన్ లాక్ 1968లోనే వివరించాడు.

ఒక నోటుపుస్తకం కొనివ్వండి. ఈ వారం చేయవలసినది, చేసినది పక్కపక్కన రాయమనండి. రెండు వారాలు వరుసగా తప్పితే తిట్టకండి. కోచ్‌తో మాట్లాడి గురి సవరించండి. జ్వరమో, దెబ్బో, పరీక్షలో ఉంటే తగ్గించండి. తగ్గించడం ఓటమి కాదు. నొప్పిని దాచి ఎత్తబోయి నడుము పాడుచేసుకోవడమే అసలు నష్టం.

ఈ సాయంత్రం మీ బిడ్డ మైదానం నుండి ఇంటికి రాగానే "గెలిచావా?" అని అడగకండి. "నిన్నటికంటె ఈ రోజు ఏం బాగా చేశావు?" అని అడిగి చూడండి. ఆ జవాబు చెప్పడానికి పిల్లలు రేపు మళ్లీ సంతోషంగా మైదానానికి వెళతారు.