మంచి ఆటలో ఏముంటుంది?

వార్షికోత్సవ సంచికకు వీడియో గేముల మీద వ్యాసం రాస్తానంటే సంపాదక వర్గం ముందు నవ్వింది, తర్వాత ఒప్పుకుంది. సెలవులకు ఇంటికెళ్తే మన తమ్ముళ్ళలో చాలామంది చేతుల్లో ఇవాళ ఫోన్ ఉంటోంది. ఏ ఆటను మనం ఆడుతున్నాం, ఏ ఆట మనల్ని ఆడిస్తోంది అన్నది తెలిసి ఉండడం మంచిది.

నా కొలత ఒక్కటే. ఓడిన క్షణంలో "ఇక్కడ తిరిగి ఉండాల్సింది, ఈసారి చూస్తా" అనిపించాలి. అలా అనిపిస్తే ఎన్నిసార్లు ఓడినా మళ్ళీ ఆడతాం. "ఇదేం అన్యాయం" అనిపిస్తే పక్కన పడేస్తాం.

నోకియా పాము ఆట గుర్తుందా? దాన్ని తనేలీ అర్మాంటో రాశాడు, 1997లో నోకియా 6110 ఫోన్‌లో వచ్చింది. దాని రెండో రూపం నోకియా 1100తో మన ఊళ్ళకు చేరింది. మామూలుగా ఆడితే అందులో శత్రువంటూ ఎవరూ లేరు. మేత తిన్నకొద్దీ పాము తోక పెరుగుతుంది, ఆ తోకే మనకు అడ్డం వస్తుంది. ఎంత బాగా ఆడితే ఆట అంత కష్టమవుతుంది. ఓడిపోతే తిట్టుకోవడానికి మరొకరు దొరకరు. రంగుల్లేని ఆ చిన్న తెర మీద ఇంతకన్నా ఏం కావాలి?

కొత్తవాడికి ఆట నేర్పడం ఇంకో విద్య. జపాన్‌లో నింటెండో సంస్థ 1985లో తెచ్చిన సూపర్ మారియో బ్రదర్స్ మొదటి దశ ఇందుకు పాఠం లాంటిది. రూపకర్త షిగేరు మియామోటో. ఎలా ఆడాలో తెర మీద ఒక్క ముక్క రాసి ఉండదు. మారియో ఎడమవైపు నిలబడి ఉంటాడు, కుడివైపంతా ఖాళీ. కాబట్టి ఎవరూ చెప్పకుండానే కుడివైపు నడుస్తాం. ఎదురుగా ఒక పురుగులాంటిది వస్తుంది. ఎగరకపోతే చస్తాం, కానీ ఆట మొదలై కొద్ది క్షణాలే కాబట్టి పోయేదేమీ లేదు. తర్వాత ప్రశ్నార్థకం ఉన్న పెట్టెను ఎగిరి కొడితే పుట్టగొడుగు బయటపడుతుంది. అదీ శత్రువేనేమోనని భయం. అది కుడివైపు వెళ్ళి, గొట్టానికి తగిలి, వెనక్కి మన మీదికే వస్తుంది. తప్పించుకుందామని ఎగిరితే పైన ఇటుకలు తగిలి దాని మీదే పడే అవకాశం ఎక్కువ. తీరా చూస్తే మారియో పెద్దవాడవుతాడు! భయం పోయింది, పాఠం వచ్చింది. లెక్కలు ఇలా చెప్పే మాస్టారు దొరికితే పదో తరగతిలో ఎవరూ తప్పరు.

మరి అదృష్టం సంగతేమిటి? 1984లో మాస్కోలో అలెక్సీ పజిట్నోవ్ తయారుచేసిన టెట్రిస్‌లో పైనుంచి ఏడు రకాల ముక్కలు పడతాయి. పాత రూపాల్లో ఏది పడుతుందన్నది గాలివాటం. పొడుగు ముక్క కోసం ఎదురుచూసి ఎదురుచూసి ఓడిపోవచ్చు. తర్వాతి రూపాల్లో ఏడింటినీ ఒక సంచిలో వేసి కలిపినట్టు కలిపి ఒక్కొక్కటే ఇస్తారు, సంచి ఖాళీ అయ్యాకే మళ్ళీ నింపుతారు. దాంతో రెండు పొడుగు ముక్కల మధ్య వేరేవి 12కు మించి రావు. అదృష్టం ఉంటుంది, కానీ దానికి కళ్ళెం ఉంటుంది. ఇక సాకు చెప్పడానికి లేదు.

ఇప్పుడు ఉచితంగా దొరికే ఫోన్ ఆటల్ని ఇదే కొలతతో చూడండి. 2012లో వచ్చిన క్యాండీ క్రష్ సాగాలో అయిదు ప్రాణాలిస్తారు. అవి అయిపోతే ఒక్కో ప్రాణానికి 30 నిమిషాలు ఆగాలి, లేదా డబ్బు కట్టాలి. ఓడిపోవడం ఇక్కడ పాఠం కాదు, దుకాణం తలుపు. ఆగే ఓపిక లేనివాడే వాళ్ళకు గిరాకీ. కూలి డబ్బుతో అమ్మానాన్నలు రీచార్జి చేయించిన ఫోన్‌లో ఈ దుకాణం తెరిచి ఉంటోందని మరవకండి. డబ్బు పందెం కట్టించే ఆన్‌లైన్ ఆటలైతే మరీ ఘోరం. వాటిని మన దేశంలో 2025లో చట్టం చేసి నిషేధించారు.

ఆట రూపకల్పన అంటే ఏమిటో చేతులారా తెలుసుకోవాలంటే కంప్యూటర్ అక్కర్లేదు. హాస్టల్ వరండాలో సుద్దముక్కతో పులిజూదం గీయండి. గడిలో 23 స్థానాలు, 3 పులులు, 15 మేకలు. ఒకసారి మేకల్ని 10 చేసి ఆడి చూడండి, పులులకు ఎంత తేలికవుతుందో తెలుస్తుంది. 20 చేస్తే, ఒక్క మేకా చావకపోతే గడి మొత్తం నిండిపోయి పులి కదలడానికే చోటుండదు. ఈ రెంటికీ నడుమ 15 దగ్గర ఎవరో ఆగారు. ఎన్ని ఆటలు ఆడి చూస్తే ఆ అంకె దొరికిందో!