నోటి దుర్వాసన: దాచుకోవద్దు, కారణం వెదకండి

చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకొని మాట్లాడేవారిని మా ఓ.పి.లో తరచుగా చూస్తుంటాము. జ్వరమనో, మోకాళ్ల నొప్పులనో వస్తారు. అన్నీ చెప్పి, లేచి వెళ్లబోతూ మెల్లగా, "సిస్టరమ్మా, నోరు వాసన వస్తోంది. కడుపులో ఏమైనా చెడిందంటారా?" అని అడుగుతారు. అప్పటికే లవంగాలు, సోంపు, వక్కపొడి, గ్యాస్ బిళ్లలు అన్నీ అయిపోయి ఉంటాయి.

చాలామందికి ఈ వాసన కడుపులో నుండి రాదు, నోటిలోనే పుడుతుంది. ఆహారపు తునకలు పళ్ల సందులలోను, నాలుక వెనుక భాగంలోను నిలిచిపోతాయి. వాటిని సూక్ష్మక్రిములు కుళ్లబెట్టినప్పుడు గంధకం కలిసిన వాయువులు వెలువడతాయి. కుళ్లిన కోడిగుడ్డు వాసన కూడా అటువంటి వాయువుదే. లాలాజలం నోటిని ఎప్పటికప్పుడు కడుగుతూ ఉంటుంది. నిద్రలో అది తగ్గిపోతుంది గనుకనే తెల్లవారేసరికి అందరి నోరూ వాసన వస్తుంది. ఉపవాసం ఉన్నప్పుడు, నోరు తెరచి నిద్రపోయినప్పుడు, కొన్ని రకాల బి.పి., అలర్జీ మందులు వాడుతున్నప్పుడు కూడా నోరు ఎండిపోయి ఇలాగే జరుగుతుంది. అందుకని మందులు మానవద్దు. కొంచెం కొంచెంగా నీళ్లు తాగుతూ, సంగతి డాక్టరుగారికి చెప్పండి.

"చిగుళ్ల నుండి రక్తం వస్తోందని బ్రష్ మానేశామండీ" అని చాలామంది చెబుతారు. ఇది పెద్ద పొరపాటు. శుభ్రపడని పాచి వల్లనే చిగుళ్లు వాచి రక్తం కారుతుంది. మెత్తని బ్రష్‌తో రోజూ తోముకుంటే సాధారణంగా కొద్దిరోజులలో తగ్గుతుంది. పాచి గట్టిపడి గారగా మారితే బ్రష్‌కు రాదు, పళ్ల డాక్టరు చేత తీయించుకోవాలి. క్లీనింగ్ చేయిస్తే పళ్లు కదిలిపోతాయని భయపడతారు. గార వల్ల చిగుళ్లు దెబ్బతిని ముందే వదులైన పళ్లు, అది తీశాక కదులుతున్నట్లు తెలుస్తాయి, అంతే. షుగరు ఉన్నవారు మరీ అశ్రద్ధ చేయరాదు. షుగరు చిగుళ్లను పాడుచేస్తుంది, చిగుళ్ల జబ్బు షుగరును అదుపులోకి రానివ్వదు.

ఉదయం ఒకసారి, రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి, ఫ్లోరైడ్ ఉన్న పేస్టుతో 2 నిమిషాలు తోముకోండి. రెండింటిలో రాత్రిదే ముఖ్యం. బ్రష్‌ను 3 నెలలకు మార్చండి. బొగ్గు, ఇటుకపొడి వద్దు, పంటి పైపొర అరిగిపోతుంది. మన పెద్దలు వేపపుల్లతో తోముకొని, దానినే నిలువునా చీల్చి నాలుక గీసుకునేవారు. బ్రష్ వచ్చాక పుల్లతోపాటు ఆ అలవాటు కూడా చాలా ఇళ్లలో పోయింది! నాలుక బద్దతో వెనుక నుండి ముందుకు నెమ్మదిగా నాలుగైదుసార్లు గీస్తే చాలు, వీధంతా వినబడేలా ఓకరించనక్కరలేదు. గోరువెచ్చని గ్లాసు నీటిలో అర చెంచా ఉప్పు వేసి పుక్కిలించవచ్చు. మందుల షాపులో దొరికే మౌత్‌వాష్‌ను డాక్టరు చెప్పకుండా నెలల తరబడి వాడకండి. కొన్నింటివల్ల పళ్లకు మరకలు పడతాయి.

మంచాన పడినవారి నోరు ఎవరు చూస్తున్నారు? పక్షవాతంతో మా వార్డుకు వచ్చిన ఒక పెద్దావిడ దగ్గర ఎవరూ కూర్చోలేకపోయేవారు. కోడలు తలుపు దగ్గరే నిలబడేది. నోరు తెరచి చూస్తే కట్టుడు పళ్లు అలాగే ఉన్నాయి. "తీసి కడగాలని మాకు తెలియదు సిస్టరమ్మా" అని ఆ అమ్మాయి ఏడ్చింది. శుభ్రం చేయడం మొదలుపెట్టిన మూడవ రోజున అత్తగారి పక్కనే కూర్చొని జావ తాగించింది. కట్టుడు పళ్లను రాత్రి తీసి, సబ్బుతో బ్రష్ చేసి, మంచినీటిలో ఉంచాలి. వేడినీరు పోయరాదు. తెలివిలేనివారికి, మింగలేనివారికి నోట్లో నీళ్లు పోయకండి. ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి, తడిపి బాగా పిండిన మెత్తని గుడ్డతో పళ్లు, చిగుళ్లు, నాలుక తుడవాలి. నోటిలోని మురికి ఊపిరితిత్తులలోకి జారితే న్యుమోనియా రావచ్చు.

గుట్కా, ఖైనీ, చుట్ట మానకుండా వాసన పోదు. ఉత్తర కోస్తాలో కొందరు పెద్దమ్మలకు అడ్డపొగ అలవాటు ఉంటుంది. నిప్పు కొన నోటిలో పెట్టుకొని తాగే ఆ చుట్ట వల్ల అంగిలికి క్యాన్సరు వస్తుంది. 2 వారాలకు మానని పుండు, తెల్లని లేక ఎర్రని మచ్చ ఉన్నా, నోరు సరిగా తెరుచుకోకపోయినా వెంటనే చూపించుకోండి.

షుగరు ఉన్నవారి ఊపిరి పండిన పండ్ల వాసన వస్తూ, వాంతులు, ఆయాసం ఉంటే అది ప్రాణాపాయం, ఆ గంటలోనే ఆసుపత్రికి తీసుకురండి. చిన్నపిల్లలకు ఒక్క ముక్కులో నుండే చెడువాసనతో చీమిడి కారుతుంటే, చింతపిక్కో పూసో దూర్చుకొని ఉండవచ్చు. పిన్నీసుతో తీయబోకండి, లోపలికి పోతుంది. బిడ్డను తీసుకురండి.