ఉడుత దవడలో తులామానం

ఫజ్ర్ నమాజు ముగించుకొని పెరట్లోకి అడుగుపెడితే, బాదం చెట్టు పక్క గోడపై ఉడుత కనిపిస్తుంది. ముందుకాళ్లతో కాయను పట్టుకొని కరకరా కొరుకుతూ ఉంటుంది. అదే కాయను పగులగొట్టడానికి మన పిల్లలు రాయి వెదుక్కుంటారు. అరచేతిలో ఇమిడే ఈ ప్రాణికి అంతటి బలం ఎక్కడిది?

అడకత్తెరను గుర్తు తెచ్చుకోండి. వక్కను కీలుకు దగ్గరగా పెడితే సులువుగా తెగుతుంది. దూరం జరిపేకొద్దీ ఎక్కువ బలం కావాలి. దవడ కూడా చెవి ముందున్న కీలుపైనే కదులుతుంది. ఉడుత కొరికే ముందుపళ్లు ఆ కీలుకు అన్నింటికన్నా దూరాన ఉన్నాయి. కనుక కండరాల బలంలో కొంత భాగమే పంటి మొనకు చేరుతుంది.

ఈ లోటును పూరించే ఏర్పాటు దాని ముఖంలోనే ఉంది. మనం పళ్లు బిగించినప్పుడు చెంపలో గట్టిపడే కండరం పేరు మాసెటర్. మనిషిలో అది చెంప ఎముక నుండి కింది దవడ మూల వరకు ఉంటుంది. ఉడుతలో దాని ఒక భాగం మరింత ముందుకు సాగి, కంటికి ముందున్న ఎముకను అంటిపెట్టుకొని ఉంటుంది. కీలుకు దూరంగా లాగుతుంది కాబట్టి దాని పట్టు పెరుగుతుంది. దవడను పైకీ, ముందుకూ లాగి పళ్లను ఒకదానికొకటి ఎదురుగా నిలుపుతుంది.

బలానికి పదును తోడయింది. ముందుపంటికి ముందువైపున మాత్రమే గట్టి ఎనామిల్ ఉంటుంది. వెనుకనున్న మెత్తని పదార్థం త్వరగా అరిగిపోతుంది. అందువల్ల కొరికే కొద్దీ పన్ను ఉలిలా పదునెక్కుతుంది. బలమంతా ఆ సన్నని అంచుపై కేంద్రీకృతమవుతుంది.

ఈ పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. అరుగుదల, పెరుగుదల సమానంగా ఉన్నంతకాలమే క్షేమం. పన్ను వంకరపోయి ఎదుటి పంటిని తాకకుంటే, అది అదుపు లేకుండా పెరిగి తిండికే అడ్డుపడుతుంది. మితం తప్పితే వరమే విపత్తు అవుతుంది.

2012లో వెలువడిన ఒక పరిశోధనలో శాస్త్రవేత్తలు ఉడుత, గినీపంది, ఎలుకల పుర్రెలను కంప్యూటర్ నమూనాలుగా మలచి, కండరాల బలంలో ఎంత పాలు పళ్లకు చేరుతుందో పరీక్షించారు. గినీపంది కన్నా ఉడుత కొరకడంలో మేటి. ఉడుత కన్నా గినీపంది నమలడంలో మేటి. అయితే ఈ రెండు పనుల్లోనూ ఆ రెండింటినీ మించినది మనం చీదరించుకునే ఎలుకే!

దైవసూచనలను వివరించే ఉత్సాహంలో మనం ఒక్కోసారి అతిశయోక్తికి పోతాము. ఉడుత దవడే సృష్టిలో సాటిలేనిదని పిల్లలకు చెబితే అది అసత్యమవుతుంది. సృష్టికర్త ఔన్నత్యాన్ని చాటడానికి అసత్యం ఆసరా అక్కర లేదు. దివ్యఖుర్ఆన్‌లోని అర్రహ్మాన్ సూరా, అల్లాహ్ నెలకొల్పిన తులామానాన్ని మనకు గుర్తుచేస్తుంది. తూకంలో మోసం చేయకూడదని కూడా అక్కడే హెచ్చరిస్తుంది. ఆ న్యాయం మన మాటలకూ వర్తించదా?

ప్రాణమున్న దేన్నీ గురిపెట్టి కొట్టే లక్ష్యంగా చేసుకోరాదని మహాప్రవక్త (స) వారించారు. రేపు మీ అబ్బాయి ఉడుతపైకి రాయి ఎత్తితే, ముందు ఆ చేతిని ఆపండి. తర్వాత పక్కన కూర్చోబెట్టుకొని, అది కాయను ఎలా కొరుకుతుందో చూపించండి.