పులిపిరులు: గృహచికిత్స, జాగ్రత్తలు

చేతివ్రేళ్ళపైనను, గోళ్ళ అంచులందును, అరికాళ్ళయందును గరుకుగా లేచు చిన్న కాయలను పులిపిరులనియు, ఉలిపిరికాయలనియు అందురు. ఇవి పిల్లలలో ఎక్కువగా కనబడును. చేతులపైని పులిపిరులు ప్రాణాపాయము కలిగింపవు. కాని వానిని పోగొట్టుటకై చేయు తొందరపాటు చికిత్సలవలన పులిపిరికంటె పెద్ద పుండు మిగులుట కలదు.

కారణము

పులిపిరులకు మూలము పాపిలోమా అను వైరస్. ఇవి అంటుజాడ్యమని ఇటలీ వైద్యుడు చుఫో 1907లో నిరూపించెను. చర్మము గీరుకొన్నచోట, పగిలినచోట వైరస్ ప్రవేశించి, కొన్ని వారములకో నెలలకో పులిపిరియై బయటపడును. గిల్లుట, గోళ్ళు కొరుకుట, ఒకరి తువ్వాలు, క్షౌరపుకత్తి మరియొకరు వాడుట వ్యాప్తికి దారితీయును.

తమంతట తగ్గుట

దేహమందలి రోగనిరోధక శక్తి వైరస్‌ను గుర్తించినంతనే పులిపిరి రాలిపోవును. సగమునకు మించిన పిల్లలలో రెండేండ్లలోపల ఇట్లు జరుగును. తమిళనాట వైదీశ్వరన్ కోయిల్‌లో ఉప్పు, మిరియములు సమర్పించి మ్రొక్కు చెల్లించు ఆచారమున్నది. అట్టి మ్రొక్కువలన హాని లేదు. అయితే రాలబోవు సమయమున ఏ మందు పూసినను ఆ మందునకే కీర్తి దక్కును. నాటుమందులపై నమ్మకము బలపడుటకు ఇదియే ముఖ్యకారణము.

చేయకూడనివి

సున్నము, చాకలిసోడా కలిపిన ముద్ద మంచి చర్మమును సైతము లోతుగా కాల్చును. జీడిపెంకు నూనె బొబ్బలెక్కించును. జిల్లేడుపాలు కంటబడినచో చూపునకే ముప్పు. వెల్లుల్లి కట్టుట, అగరువత్తితో కాల్చుట, వెండ్రుకతో బిగించుట, బ్లేడుతో కోయుట కూడదు.

ఇంట చేయదగిన చికిత్స

మందుల దుకాణములలో దొరకు సాలిసిలిక్ ఆమ్లపు ద్రావకము (సుమారు 17 శాతము) నమ్మదగినది.

1. పులిపిరిని 5 నిమిషములు గోరువెచ్చని నీటిలో నాననీయవలెను.
2. మెత్తబడిన పైచర్మమును గరుకు కాగితముతో మెల్లగా రుద్ది, ఆ కాగితమును పారవేయవలెను.
3. చుట్టునున్న చర్మమునకు వాసెలిన్ రాయవలెను.
4. మందును పులిపిరిపై మాత్రమే వేసి ఆరనీయవలెను.

దినమున కొకసారి చొప్పున 12 వారములవరకు ఓపికతో చేయవలెను. మంటగాని, పుండుగాని కలిగినచో కొన్నిదినములు మానవలెను.

వైద్యుని చూడవలసినవారు

మధుమేహము కలవారు, కాళ్ళకు రక్తప్రసారము చాలనివారు, గర్భిణులు స్వయముగా ఈ మందు వాడరాదు. స్పర్శ లేని మచ్చపై పూయరాదు. అది కుష్ఠుచిహ్నము కావచ్చును. ముఖముపైని, మర్మస్థానములందలి పులిపిరులను ఇంట ముట్టకూడదు. పెద్దవయసున క్రొత్తగా లేచి, రక్తము కారుచు, రంగు మారుచు, త్వరగా పెరుగు కాయ పులిపిరి కాకపోవచ్చును. అది క్యాన్సర్ అయినచో మందు పూయుచు గడపిన ప్రతి నెలయు నష్టమే.

పుదుచ్చేరి పట్టణమున గోరిమేడునందు జిప్మెర్ వైద్యసంస్థ కలదు. 1823లో ఫ్రెంచివారు స్థాపించిన వైద్యపాఠశాల దీనికి మూలము. ఇందలి చర్మవ్యాధుల విభాగమున పరీక్ష చేయించుకొనవచ్చును. లొంగని పులిపిరులను వైద్యులు మైనస్ 196 డిగ్రీల ద్రవనత్రజనితో ఘనీభవింపజేసిగాని, విద్యుత్తుతో కాల్చిగాని తొలగింతురు.

బిడ్డ చేతిపై పులిపిరి కనబడినంతనే భయపడ నక్కరలేదు. గిల్లనీయక, తువ్వాలు వేరుచేసి, కొంతకాలము వేచియుండుటయు చికిత్సయే.