పందెపు కారుల యాటలో తెర దూరమును, చూపుకోణమును

మన విద్యార్థులలో కొందఱు సెలవు దినములలో కంప్యూటరుపై కారుల పందెము లాడుచున్నారు. బల్లకు స్టీరింగు చక్రమును బిగించి, పాదముల క్రింద పెడళ్లు అమర్చుకొని, నిజమైన కారును నడపినట్లే నడపుటకు తగిన యీ సాధనమును సిమ్యులేటరు అందురు. దీనిని పిల్లచేష్ట యని త్రోసివేయుట తగదు. 2023వ సంవత్సరము ఫిబ్రవరి 11వ తేదీని హైదరాబాదులో హుస్సేనుసాగరు ఒడ్డున ఫార్ములా ఈ అను విద్యుత్తు కారుల పందెము జరిగినది. సుమారు 2.8 కిలోమీటర్ల పొడవును, 18 మలుపులును గల ఆ మార్గము చోదకుల కందఱకును క్రొత్తది. నగర వీధులలో నేర్పఱచిన దారి గావున అచ్చట అభ్యాసమునకు దొరకు కాలము మిక్కిలి స్వల్పము. అందుచేత ఇట్టి పందెములకు చోదకులు ముందుగా సిమ్యులేటరులో కూర్చుండియే మలుపులను కంఠస్థము చేయుదురు.

తలిదండ్రులు కొందఱు “పిల్లవానికి ఎంత పెద్ద తెర కొనవలెను?” అని మమ్ము అడుగుచున్నారు. మామిడి కాపు మీది డబ్బు తెరకు పోయిన పిమ్మట విచారించుటకంటె ముందే ఒక సంగతి తెలిసికొనుట మంచిది. తెర ఎంత పెద్దది యనుట సగము ప్రశ్న మాత్రమే. కన్నునకు ఎంత దూరమున నున్నది యనునది తక్కిన సగము.

తెరను ఒక కిటికీగా భావింపుడు. ఇంటి కిటికీకి ఆఱడుగుల దూరమున నిలిచి వెలుపలి మామిడితోటను చూచినచో రెండు మూడు చెట్లు కనబడును. చువ్వలకు మొగ మానించి చూచినచో తోట యంతయు కనబడును. కిటికీ పెరుగలేదు, కన్ను దగ్గఱకు వచ్చినది. కంటినుండి కిటికీ రెండంచులకును గీచిన గీతల నడుమ నుండు కోణమే చూపుకోణము.

దీనిని కనుగొనుటకు పెద్ద గణితము అక్కఱలేదు. 27 అంగుళముల తెర వెడల్పు సుమారు 60 సెంటీమీటర్లు. కన్ను దానికి 60 సెంటీమీటర్ల దూరమున నున్నదనుకొందము. కాగితముపై 6 సెంటీమీటర్ల గీత గీచి, దాని మధ్యబిందువునుండి నిలువుగా 6 సెంటీమీటర్లు కొలిచి, ఆ చుక్కను గీత రెండు కొనలకును కలుపుడు. ఆ చుక్కయొద్ద కోణమానినిని పెట్టిన 53 డిగ్రీలు వచ్చును. కుర్చీని వెనుకకు జరిపి అదే తెరను మీటరు దూరమునుండి చూచినచో 33 డిగ్రీలే. ఇక గోడకు తగిలించిన 43 అంగుళముల టెలివిజను మాట చూతము. దాని వెడల్పు సుమారు 95 సెంటీమీటర్లు. మంచము మీద కూర్చుండి 240 సెంటీమీటర్ల దూరమునుండి చూచువానికి అది 22 డిగ్రీలే యగును. పెద్ద తెర చిన్న కిటికీ యైనది! కావున క్రొత్త తెర కొనుటకు ముందు, ఉన్న తెరను స్టీరింగు చక్రమునకు వెనువెంటనే వచ్చునట్లు దగ్గఱకు జరిపి చూడవలెను. దీనికి పైకము పట్టదు. తెర నడిభాగము కంటి యెత్తున నుండునట్లును చూచుకొనవలెను.

ఇప్పుడు ఆటలోని అమరిక. తెర మీద ఎన్ని డిగ్రీల దృశ్యమును చూపవలెనో ఆటకు మనమే చెప్పవలెను. పిల్లలు సాధారణముగా 90 అని పెట్టుదురు. ఏలయన అప్పుడు ప్రక్కల నున్న కారులు కనబడును, వేగము హెచ్చినట్లు తోచును. కాని 53 డిగ్రీల కిటికీలో 90 డిగ్రీల దృశ్యమును ఇఱికించినచో నడిమి వస్తువు లన్నియు సగమునకు కుదించుకొనిపోవును. 50 మీటర్ల దూరమున నున్న మలుపు 100 మీటర్ల దూరమున నున్నట్లు తోచును. బ్రేకు ఎప్పుడు నొక్కవలెనో కన్ను చెప్పజాలదు. పిల్లవాడు గోడను కొట్టి, తప్పు పెడలుదే యనును. కొలత ప్రకారము 53 పెట్టినచో మొదటి దినమున కారు నత్తనడక నడచుచున్నట్లుండును, ప్రక్కచూపు తగ్గును. కొన్ని దినములు ఓర్చుకొన్నచో మలుపుల దూరము కంటికి సరిగా తెలియును. ప్రక్క కారుల కొఱకు అద్దములను వాడుకొనవచ్చును. రెండు మూడు డిగ్రీలు హెచ్చించుకొనువారితో మాకు పేచీ లేదు. దినమున కొక అంకె మార్చువాని అభ్యాసము మాత్రము నిలువదు.

మూడు తెరలు పెట్టుకొనగల వారికి అదే 60 సెంటీమీటర్ల దూరమున మొత్తము సుమారు 160 డిగ్రీలు లభించును. ప్రక్క తెరలను కంటివైపు వంచి, వంపు కోణమును ఆటలో తెలుపవలెను. లేనిచో అంచుల బొమ్మ సాగిపోవును. ఇది చాల వ్యయముతో కూడినది. నేర్చుకొనువానికి ఒక తెర చాలును. తెర దగ్గఱగా నుండును గనుక నడుమ నడుమ లేచి దూరపు వస్తువులను చూచుట కంటికి హాయి.

ఒక చిక్కు మిగిలినది. ఐరేసింగు అను ఆట అడ్డుకోణమును అడుగును. ఆసెట్టో కోర్సా నిలువు కోణమును అడుగును. పైన చెప్పిన తెర యెత్తు సుమారు 34 సెంటీమీటర్లు గావున దాని నిలువు కోణము 31 డిగ్రీలు. నిలువు కోణపు గడిలో 53 అని వ్రాసినచో అడ్డుకోణము 83 డిగ్రీలై మఱల పాత తిప్పలే వచ్చును.