విహార చెరువుల కట్టలు: అపోహలు – వాస్తవాలు

అపోహ: జాన్‌స్టౌన్ వరద ప్రకృతి వైపరీత్యం.

వాస్తవం: 1889 మే 31న అమెరికాలోని పెన్సిల్వేనియాలో కుండపోత వాన కురిసిన మాట నిజమే. కానీ 2,209 మంది ప్రాణాలు తీసింది జాన్‌స్టౌన్‌కు ఎగువనున్న సౌత్ ఫోర్క్ డ్యామ్‌కు పడ్డ గండి. పిట్స్‌బర్గ్ సంపన్నులు చేపల వేటకు, పడవ షికారుకు పెట్టుకున్న క్లబ్బుది ఆ డ్యామ్ వెనకున్న చెరువు. ఉక్కు పారిశ్రామికవేత్త ఆండ్రూ కార్నెగీ కూడా అందులో సభ్యుడే. అడుగు నుంచి నీళ్లు వదిలే ఇనుప గొట్టాలను పాత యజమాని పీకి అమ్ముకుంటే, క్లబ్బు మళ్లీ వేయించలేదు. బగ్గీలు తిరగడానికి కట్ట పైభాగం చెక్కించి ఎత్తు తగ్గించింది. చేపలు కొట్టుకుపోకుండా అలుగుకు జాలీలు బిగించింది. వరదలో వాటికి చెత్త అడ్డంపడింది, నీళ్లు కట్ట మీదుగా పొర్లాయి. నీళ్లు వదిలే దారి లేదని, మరమ్మతు సరిగా జరగలేదని 1880లోనే జాన్‌స్టౌన్‌లోని కేంబ్రియా ఐరన్ కంపెనీ ఇంజినీరు హెచ్చరించాడు. ఖర్చులో పాలుపంచుకుంటామని కంపెనీ ముందుకొచ్చినా క్లబ్బు వద్దంది. ఆ క్లబ్బు నుంచి బాధితులు కోర్టులో ఒక్క డాలరు కూడా రాబట్టలేకపోయారు. ఇంత జరిగాక నెపం వాన మీద వేయడం అన్యాయం.

అపోహ: చిన్న కట్టతో పెద్ద ముప్పేముంటుంది?

వాస్తవం: జార్జియాలోని కెల్లీ బార్న్స్ కట్ట ఎత్తు సుమారు 40 అడుగులే. కరెంటు తీయడం మానేశాక విహారానికే మిగిలిన చెరువు అది. 1977 నవంబర్ 6న అర్ధరాత్రి దాటాక తెగి, దిగువనున్న బైబిల్ కళాశాల ఆవరణలో 39 మందిని పొట్టనబెట్టుకుంది. ఆ రాష్ట్రంలో డ్యామ్ భద్రతా చట్టం వచ్చింది ఆ మరుసటి ఏడాదే.

అపోహ: చెట్లుంటే కట్ట గట్టిపడుతుంది.

వాస్తవం: గడ్డి మేలు చేస్తుంది. పెద్ద చెట్ల వేళ్లు కుళ్లితే లోపల బొరియలు మిగిలి, నీరు వాటి వెంట మట్టిని తోడుకుపోతుంది.

అపోహ: కట్టకు ‘హై హజార్డ్’ (అధిక ముప్పు) తరగతి ఇచ్చారంటే అది బలహీనంగా ఉందని.

వాస్తవం: కాదు. తెగితే దిగువన ప్రాణాలు పోతాయని దాని అర్థం. పటిష్ఠమైన కట్టకూ ఈ ముద్ర పడుతుంది. దిగువ పొలాల్లో ఇళ్లు లేస్తే, కట్టలో మార్పేమీ లేకున్నా తరగతి మారిపోవచ్చు.

అపోహ: ప్రభుత్వమే చూసుకుంటుంది.

వాస్తవం: అమెరికా డ్యాముల్లో సగానికి పైగా ప్రైవేటువి, వాటి మరమ్మతు యజమాని బాధ్యతే. మన దేశంలో 2021 నాటి ఆనకట్టల భద్రతా చట్టం ప్రైవేటువాటికీ వర్తిస్తుంది కానీ 10 మీటర్ల లోపు కట్టలు దాని పరిధిలోకి రావు. రిసార్టుల్లో వేసే చిన్న కట్టలు ఇక్కడే జారిపోతాయి. ఈ ఖాళీని రాష్ట్రాలు పూడ్చాలి.

అమెరికాలో చెరువున్న కాలనీలో ఇల్లు కొంటున్న తెలుగువారు ఆ కట్ట ఎవరిదో ముందే అడగండి. ఇంటి యజమానుల సంఘానిదైతే మరమ్మతు ఖర్చులో మీకూ వాటా పడుతుంది. చివరి తనిఖీ నివేదిక, అత్యవసర ప్రణాళిక చూపించమనండి.