ఒక్క పన్ను తేడా

ఒడిశాలోని రాయగడ జిల్లాలో, రాయగడ పట్టణానికి చేరువలో జేకేపూర్ ఉంది. అక్కడి కాగితపు మిల్లు 1962లో పని ప్రారంభించింది. కాగితం తయారీకి వెదురు, కలప కావాలి. లారీలు వాటిని మిల్లుకు మోసుకొస్తాయి. ఆ ప్రాంతమంతా కొండలు. నిండు బరువుతో ఘాట్ రోడ్డు ఎక్కే లారీకి ఇంజను సత్తువే ఆధారం.

ఆ సత్తువ డీజిల్‌లో మాత్రమే లేదు. ఇంజనులో ప్రతి పనీ దాని వేళకు జరగాలి. దీనినే మెకానిక్కులు 'టైమింగు' అంటారు.

జర్మనీకి చెందిన రుడాల్ఫ్ డీజిల్ రూపొందించిన ఇంజను 1897లో పరీక్షలలో నెగ్గింది. నేటి లారీ ఇంజనుకు మూలం అదే. దీని సిలిండరులో పిస్టన్ కిందికీ పైకీ కదులుతుంది. మొదట గాలి లోపలికి వస్తుంది. తరువాత పిస్టన్ ఆ గాలిని గట్టిగా నొక్కుతుంది. గాలి బాగా వేడెక్కుతుంది. అప్పుడు డీజిల్ చిమ్మితే అది మండి పిస్టన్‌ను కిందికి నెడుతుంది. చివరకు పొగ బయటికి పోతుంది.

ఈ నాలుగు పనులు పూర్తయ్యేసరికి క్రాంకు షాఫ్టు రెండు చుట్లు తిరుగుతుంది. గాలి వాల్వు, పొగ వాల్వు మాత్రం ఒక్కొక్కసారే తెరుచుకోవాలి. వాటిని తెరిచే క్యామ్ షాఫ్టు ఒక్క చుట్టే తిరగాలి. అందుకు పళ్ల చక్రాలు ఉన్నాయి. క్రాంకు చక్రానికి 30 పళ్లుంటే, క్యామ్ చక్రానికి 60 ఉంటాయి. డీజిల్ పంపు కూడా ఈ లెక్కతోనే తిరుగుతుంది.

చక్రాలు బిగించేటప్పుడు ఒక్క పన్ను తప్పితే ఏమవుతుంది? 60 పళ్ల చక్రం 6 డిగ్రీలు పక్కకు జరుగుతుంది. క్రాంకు లెక్కలో అది 12 డిగ్రీల తేడా. డీజిల్ ముందుగా చిమ్మితే ఇంజను కొట్టుకుంటుంది. ఆలస్యమైతే పొగ ఎక్కువై, సత్తువ తగ్గుతుంది. తేడా మరీ పెద్దదైతే వాల్వు పిస్టన్‌కు తగిలి వంగిపోతుంది. లారీ నిలిచిపోతే యజమానికి కిరాయి రాదు, డ్రైవరుకూ క్లీనరుకూ బత్తా ఉండదు.

అందుకే అనుభవం గల మెకానిక్కు తొందరపడడు. ముందు బ్యాటరీ తీగ విప్పుతాడు. మొదటి సిలిండరు పిస్టన్‌ను, గాలిని నొక్కే వేళలో, పైకొసకు తెస్తాడు. చక్రాలపై తయారీదారు పెట్టిన గుర్తులు చూస్తాడు. పళ్లు అరిగాయా, విరిగాయా, చక్రాల మధ్య ఆట ఎక్కువైందా అని పరీక్షిస్తాడు. తిరిగి బిగించేటప్పుడు గుర్తుకు గుర్తు కలుపుతాడు. స్టార్టు చేసేముందు ఇంజనును చేత్తో రెండు చుట్లు తిప్పుతాడు. ఎక్కడైనా పట్టేస్తే బలవంతం చేయక, మళ్లీ విప్పి చూస్తాడు. చివరకు ఫీలర్ గేజితో వాల్వుల సందు సరిచూస్తాడు.

ఈ చక్రాలను కాపాడేది శుభ్రమైన ఇంజను ఆయిలు. వేళకు మార్చని ఆయిలులోని మట్టి, లోహపు పొడి పళ్లను అరగదీస్తాయి. ఇంజను ముందుభాగంలో కొత్త చప్పుడు వినబడితే వెంటనే చూపించాలి.

కొత్త లారీలలో డీజిల్ చిమ్మే క్షణాన్ని ఎలక్ట్రానిక్ యంత్రం నిర్ణయిస్తుంది. అయినా క్రాంకు, క్యామ్ షాఫ్టుల పొత్తు తప్పకూడదు. ఇంజను విప్పినవాడు గుర్తులు సరిచూసుకోవలసిందే.